దింపుడు కళ్లం దగ్గర జోగారావు

సోమవారం

ఇది సాహిత్య సేవ అని ఎవరైనా పొరబడతారేమో. నేను నీళ్ళ కోసం రాస్తున్నాను.

కూర్చుని చదివితే నా కుడిచేతి కడియం దాన్ని బద్ధకం అంటుంది. కూర్చుని రాస్తే మాత్రం, ముంజేయి అటూ ఇటూ ఊగుతుంది కనక, నడుస్తున్నాననుకుంటుంది. ఈ రహస్యం మొన్న తెలిసింది. ఓ లావుపాటి నవల చదువుతూ, అంచుల్లో రచయితను తిడుతూ రాసుకుంటున్నాను. ఒక పేజీ తిట్టడం పూర్తయ్యేసరికి, రెండు రోజులుగా ఎండిపోయి ఉన్న వంటింటి కుళాయి బొటబొటమంది. కొట్టివేతలకు ఇంకా మంచి ధార వస్తుంది. నలభై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్ది బతికినవాడిని, కొట్టివేత నాకు కొత్త కాదు.

కొండ కిందనున్న పాత ఊరిని సముద్రం మింగేశాక మేమంతా ఈ మెట్లపాలేనికి ఎక్కి వచ్చాం. కొండ మీద ఊరు, కాబట్టి నీళ్ళు పైకి తోడాలి. తోడిన నీళ్ళు అందరికీ చాలవు. ఎవరికి ఎంత ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడు డాక్టర్ జోగారావు లేచి, "కదిలేవాడికి ఇద్దాం, కదలనివాడికి నీళ్ళెందుకు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడం కూడా కదలికే అని ఆనాడు వాళ్ళకు తెలియదు, పాపం. మర్నాటి నుంచి చేతికో కడియం. నాడి చూస్తుంది, చెమట చూస్తుంది, నడక చూస్తుంది. హుషారు, మధ్యస్థం, బద్ధకం అని మనిషికో ముద్ర వేసి, ఆ ముద్రను బట్టి ఇంటి కుళాయి విప్పుతుంది. నాది బద్ధకం.

జోగారావూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆ బెంచీ ఇప్పుడు సముద్రంలో ఉంది. మా మధ్య ఉండాల్సిన మంచీ మర్యాదా కూడా దానితోపాటే మునిగాయి.

మంగళవారం

కడియం వల్ల లాభమా నష్టమా అని టీ కొట్టు దగ్గర ఇంకా వాదించుకుంటున్నారు. నవ్వొస్తుంది. లాభమో నష్టమో కడియమే లెక్క తేల్చి చెబుతుంటే వీళ్ళ వాదన దేనికి?

మొదట్లో మా వీధి మొత్తం కడియాలను వెట్ గ్రైండర్లకు కట్టింది. పిండి రుబ్బినంతసేపూ వీధి వీధంతా కొండలెక్కి దిగింది. తర్వాత కడియానికి నాడి చూడడం నేర్పారు. అప్పుడు కొందరు కుక్కలకు కట్టారు. ఆ కుక్కలు అరుగుల మీద పడుకుని యజమానులను బద్ధకం జాబితాలోకి దించేశాయి.

ఈ మోసాలేవీ అంటనివాడు ఊళ్ళో ఒక్కడే, ఆరోగ్య సంఘం చైర్మన్ జోగారావు. రోప్‌వే స్టేషన్ దగ్గర పెద్ద తెర మీద ఆయన వివరాలు రోజూ వేస్తారు. ఏడాదిగా చూస్తున్నాను. "చైర్మన్ గారు ఈరోజు నిట్టనిలువు రాళ్ళు ఎక్కారు. కునుకు తీసి లేచి మళ్ళీ ఎక్కారు. ఆకుకూరలు విస్తారంగా తీసుకున్నారు." నా వయసే వాడిది. నేను మెట్టెక్కితే మోకాలు కిర్రుమంటుంది. వాడు రాళ్ళెక్కుతున్నాడట. మనిషిని చూద్దామంటే ఇంట్లోంచి బయటికి రాడు. సభలకైతే కుర్చీలో మోసుకొస్తారు, గౌరవం కొద్దీ అనుకున్నాను.

ఇవాళ కడియం దినోత్సవ సభ. ఎప్పటిలాగే కాలేజీ నాటకం కథతో మొదలుపెట్టాడు.

"పౌరాణికంలో రాజు వేషం నాది. పద్యం ఎత్తి రాగం తీశాను. హాలంతా వన్స్ మోర్! మళ్ళీ పాడాను. మళ్ళీ వన్స్ మోర్! ఆ ఊపిరి ఎక్కణ్ణించి వచ్చింది? వ్యాయామం నుంచి!"

ఈ కథ ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. నేను లేచి, చదువును కదలికగా లెక్కించాలని ఎప్పటిలాగే అడిగాను.

"విశ్వపతిగారూ, చదివేటప్పుడు మీలో ఏం కదులుతుంది?" అన్నాడు.

"గుండె కదులుతుంది."

"కదిలితే కడియానికి తెలియాలి కదండీ?"

జనం నవ్వారు. వాడి కార్యదర్శి ప్రభాకరం అందరికంటే గట్టిగా, పొట్ట ఊగేలా నవ్వాడు. వాడికో చెంబెడు నీళ్ళు ఎక్కువ వచ్చి ఉంటాయి.

ఇంటికొచ్చి గోడపత్రికకు ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. రేపు దాని కిందే జోగారావు ఖండన అంటిస్తాడు. నా వాక్యాలు ఒక్కొక్కటే ఎత్తి చూపి మరీ ఖండిస్తాడు. ఈ ఊళ్ళో నేను రాసింది కామాలతో సహా చదివేవాడు వాడొక్కడే. దరిద్రం.

గురువారం

పొద్దున్నే ఊళ్ళో అందరి కడియాలూ ఒకేసారి వణికాయి.

"డాక్టర్ జోగారావు గారి కదలికలు ముగిశాయి. ఆఖరి ఉదయం ఆయన ఎంతో చలాకీగా ఉన్నారు. లేత చిగుళ్ళు తిన్నారు. చివరి క్షణాల్లో గుండె అమోఘంగా పరుగెత్తింది. సంతాపంగా నిలబడినవారికి కదలిక కలపబడుతుంది."

నేను కూర్చునే ఉన్నాను. పీడ విరగడైందనుకున్నాను. రాద్దామని కాగితం తీశాను. ఎవరిని ఖండిస్తూ రాయాలో తోచక కాగితం మళ్ళీ మడిచి పెట్టేశాను. తర్వాత చొక్కా వేసుకుని బయల్దేరాను. శత్రువైనా చివరిచూపు చూడాలి కదా.

తలుపు తీసింది శవమే.

"లోపలికి రా, తలుపెయ్యి," అన్నాడు జోగారావు. కర్ర పట్టుకుని గోడ వెంబడి నడిచాడు. రెండు మోకాళ్ళూ కొబ్బరి బోండాల్లా వాచి ఉన్నాయి.

"పోయావన్నారు!"

"పోయింది మేకపోతురా."

ఇంకేం దాచలేదు, అంతా చెప్పేశాడు. కడియాన్ని మెప్పించాలని నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. కదల్లేనని తెలిస్తే కుర్చీ పోతుంది, నీళ్ళు పోతాయి, ముఖ్యంగా పరువు పోతుంది. అందుకని పక్కింటి నూకాలు మేకపోతు కాలికి కడియం కట్టించాడు. ఏడాదిగా ఊరంతా చప్పట్లు కొట్టింది ఆ మేకకు.

నూకాలు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నిన్నంతా అమ్మవారి పండగ. ఆమె జాతరకెళ్ళి ఈ తెల్లారి వచ్చేసరికి, ఆమె మరిది మందలోంచి ఒక మేకను ఎంచి పట్టుకుపోయాడట.

"కాలికి కడియం ఉంది గదా బాబూ! ఎవులో పెద్దోళ్ళు అమ్మోరికి మొక్కుకున్న మేక అనుకున్నాడు. మొక్కుబడి మేకని ముందుగాల కొయ్యాల గదా. కోసినాడు," అంది. "పసుపు నీళ్ళతోటి కడిగి తెచ్చినాను." కడియాన్ని కళ్ళకద్దుకుని ఇచ్చింది.

వెనకనుంచి జోగారావు భార్య వర్ధనమ్మ, "ఆ ఇంకోటి ముందు తీసుకుపొమ్మనండి!" అని కేక పెట్టింది. మొక్కు పెద్దమనిషిది కాబట్టి తలకాయ ఆయన వాటా. వాకిట్లో అరిటాకు కప్పిన గిన్నెలో ఉంది. వాళ్ళు ఉల్లిపాయ కూడా ముట్టని మనుషులు.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ వంటింటి వైపు చూశాను. కుళాయి కింద బిందె ఖాళీ. కడియం పోయాడనేసింది కనక నీళ్ళు ఆగిపోయాయి. బీపీ మాత్ర ఇచ్చే యంత్రం కూడా, "సదరు వ్యక్తి లేరు," అందట. ఇలా బతికుండగానే నీళ్ళ జాబితాలోంచి పేరు పోయినవాళ్ళు కింది వీధిలో కొందరున్నారు. లేనివాళ్ళు అంటారు వాళ్ళని. ఇరుగుపొరుగు దయతలిస్తే గొంతు తడుస్తుంది.

"దింపుడు కళ్లం ఉందిగా, భయమెందుకు?" అన్నాను.

"ఉంది," అన్నాడు. "రాసింది నేనే."

కడియాలు వచ్చిన కొత్తలో, వాటిని స్నానాల గదిలో మరిచిపోయిన వాళ్ళందరినీ అవి చంపేసేవి. జనం గోల పెట్టారు. అప్పుడు వీడు పాత ఆచారాన్నే చట్టంలో పెట్టించాడు. కడియం చచ్చాడన్న మనిషిని పాడె మీద తీసుకెళ్ళాలి. సగం దారిలో దించి, చెవిలో పేరు పెట్టి పిలవాలి. ముగ్గురు, తలా ఒకసారి. గుండె ఉలిక్కిపడి పాత తీరున కొట్టుకుంటే కడియం మాట వెనక్కి తీసుకుంటుంది. లేదంటే శ్మశానం గేటు దగ్గర పేరు కొట్టేస్తారు. మనిషిని కాల్చరు, అంత దుర్మార్గులం కాము. నీళ్ళు మాత్రం ఇవ్వం.

శుక్రవారం

పాడెకు వెదురు దొరకలేదు. అల్యూమినియం నిచ్చెన తెచ్చారు.

మోయడానికి పోటీ. బరువు మోస్తే కదలిక రెట్టింపు. ఆరోగ్య సంఘం సభ్యులు ముందు కొస కోసం చొక్కాలు పట్టుకున్నారు. వెనక ఊరంతా నడిచింది. ఇంత పెద్ద ఊరేగింపు అభిమానం వల్లనే అనుకుని జోగారావు కళ్ళు మూసుకునే మురిసిపోయాడు.

"ఎడంపక్క ఒరుగుతోందిరా, సరిగ్గా పట్టండి!"

"శవం మాట్లాడకూడదు సార్, మీరు పెట్టిన రూలే," అన్నాడు ప్రభాకరం.

సగం దారిలో దించారు. ధ్రువీకరణకు వచ్చిన అధికారిణి హిమజ ఇరవై అయిదేళ్ళ పిల్ల. కడియం జోగారావు చేతికి తొడిగి, "మొదటి పిలుపు," అంది.

వర్ధనమ్మ ముందుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంగి, "ఏమండీ," అంది.

"పేరుతో పిలవాలమ్మా," అంది హిమజ.

"మొగుణ్ణి పేరెట్టి ఎలా పిలుస్తాను తల్లీ? మా ఇంటా వంటా లేదు."

"పిలవకపోతే ఆయన చనిపోయినట్టే అవుతుందమ్మా."

వర్ధనమ్మ చాలాసేపు అవస్థపడింది. పెదాలు కదిలాయి. చివరికి, "ఏమండీ, మిమ్మల్నే," అంది. మొదటి పిలుపు పోయింది. నిచ్చెన మీద జోగారావు పళ్ళు కొరకడం వినిపించింది.

రెండోది ప్రభాకరం. శాలువా సర్దుకుని, "ఆరోగ్య సంఘం శాశ్వత అధ్యక్షులు, వ్యాయామ చక్రవర్తి, డాక్టర్ జోగారావు గారూ!" అన్నాడు. సన్మానాలు అలవాటైన గుండె అది. పైగా ముప్పై ఏళ్ళుగా ప్రాణాయామం చేస్తున్న గుండె. తొణకలేదు, బెణకలేదు.

కడియం మర్యాదగా గొంతు విప్పింది. "జోగారావు గారి గుండె ఇంతకన్నా చాలా చలాకీగా ఉండేది. ఇది వేరెవరిదో ముసలాయనది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. దానికి ఏడాదిగా తెలిసింది మేక గుండె. నిజం చెబుదామా అంటే, కడియం ఇంకొకరికి కట్టినవాడికి శిక్ష కూడా పేరు కొట్టివేతే. అదీ వీడు రాసిందే.

"మూడో పిలుపు ఎవరిది? బాగా ఎరిగినవాళ్ళు రండి," అంది హిమజ.

ఎవరూ కదల్లేదు. జోగారావు ఒక కన్ను తెరిచి గుంపులో వెతికాడు. ఆ కన్ను నా మీద ఆగింది.

ప్రభాకరం నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "విశ్వపతిగారూ, మీరు గొంతు బాగాలేదని ఊరుకున్నా ఎవరూ ఏమనుకోరు. కుర్చీ ఖాళీ అయితే మీ చదువు సంగతి నేను చూస్తాను. చదివినంతసేపూ నీళ్ళు. మాట ఇస్తున్నాను."

నేనెప్పట్నుంచో కోరుకున్నదే. నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు. జన్మలో ఇంత సులువైన పని నాకెవరూ ఇవ్వలేదు. కాళ్ళు చాపుకుని చదువుకుంటూ కూర్చోవచ్చు, చెంబులు నిండుతుంటాయి. చదివి, ఉడుక్కుని, రాసి, గోడకు అంటించి వస్తాను. మర్నాడు వెళ్ళి చూస్తే దాని కింద ఖాళీ గోడ. ప్రభాకరం ఖండిస్తాడా? వాడికి అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం.

వెళ్ళి నిచ్చెన పక్కన చతికిలబడ్డాను. వాడి చెవిలో నోరు పెట్టాను.

"జోగారావూ."

కడియం కదల్లేదు. పిలుపు ఒక్కటే కాని, ఎంత పొడుగుండాలో చట్టంలో రాయలేదు. అచ్చుతప్పులు దిద్దినవాడికి ఇలాంటి సందులు కనబడతాయి.

"ఒరే జోగారావూ, ఆ రోజు హాల్లో వన్స్ మోర్ అన్నది నీ పద్యానికి కాదురా."

వాడి కనురెప్ప అదిరింది.

"నీ పెట్టుడు మీసం ఎడంపక్క ఊడింది. రాగం తీసినప్పుడల్లా గాలికి లేస్తోంది. ఈసారి నోట్లోకి పోతుందా పోదా అని జనం పందాలు కట్టుకున్నారు. అందుకే వన్స్ మోర్."

చేతి మీద కడియం పిట్టలా కూసింది.

"మూడోసారి పోయింది. నువ్వు దగ్గావు. అది కొత్త గమకం అనుకుని హార్మోనియం ఆయన నీతోపాటు దగ్గినట్టే వాయించాడు. నీ జన్మకు వచ్చిన ఆ కాసిని చప్పట్లూ మీసానివిరా, నీవి కావు."

"అబద్ధం!" జోగారావు నిచ్చెన మీద లేచి కూర్చున్నాడు. మొహం కందగడ్డ. "నీ నాలుక పడిపోనూ! నువ్వసలు ఆ రోజు హాల్లో ఉన్నావురా? వెధవా, టిక్కెట్టు కొనకుండా బయట కిటికీ పట్టుకు వేలాడావు! నీ బతుకంతా కిటికీ పట్టుకు వేలాడడమే!"

"కిటికీ లోంచే మీసం బాగా కనబడింది."

"నోర్ముయ్!"

కడియం ఆనందం పట్టలేకపోయింది. "జోగారావు గారికి తిరిగి స్వాగతం! మీరు నిట్టనిలువు రాయి ఎక్కుతున్నారు. కాలు జాగ్రత్త."

హిమజ సంతకం పెట్టింది. వర్ధనమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మోసినవాళ్ళు మాత్రం ఉసూరుమన్నారు. బతికినవాణ్ణి తిరిగి మోసుకెళితే కదలిక కలపరట. అందుకని నిచ్చెన అక్కడే వదిలేసి పోయారు. వాడికి భుజం ఇచ్చి ఇంటిదాకా నడిపించింది నేను. దారి పొడుగునా వాడు నన్ను తిడుతూనే ఉన్నాడు.

బుధవారం

వారం కూడా తిరగలేదు, జోగారావు తెర మీద ప్రసంగించాడు. కడియం లేకపోతే తాను బతికేవాడినే కానట! ప్రభాకరం కళ్ళు తుడుచుకున్నాడు. చెవిలో పిలిచిన మనిషి ప్రస్తావన లేదు. నేను ఆశించలేదు కూడా.

ఇక నా కడియం తిక్క చూడండి. పొద్దున్నే చెప్పింది, "శుక్రవారం మీ గుండెకు ఏడాది మొత్తంలో చక్కటి వ్యాయామం దొరికింది. రోజూ జోగారావు గారితో మాట్లాడండి. నీళ్ళు పెంచుతాం."

ఒక గాజు చెబితే నేను పోట్లాటకు వెళ్ళాలా? అన్నం ఎప్పుడు తినాలో అది చెప్పింది, ఊరుకున్నాను. నిద్ర ఎప్పుడు పోవాలో చెప్పింది, ఊరుకున్నాను. ఎవణ్ణి తిట్టాలో కూడా అదే చెబుతానంటే ఒప్పుకోను. నా పగ నా సొంతం. వెళ్ళేది లేదని తీర్మానించి ఇంట్లో కూర్చున్నాను. కుళాయి నన్ను చూసి ఎండిపోయింది.

ఆదివారం

గోడపత్రికలో నా ఉత్తరం కింద ఖండన రాలేదు. మీసం గురించి సవివరంగా రాశాను, కావాలనే రెండు తేదీలు తప్పు వేశాను. అయినా రాలేదు. వర్షానికి ఊడిందేమోనని గోడ కింద కూడా వెతికాను.

అందుకు వెళ్ళాను, కడియం చెప్పినందుకు కాదు. ఈ సంగతి రాతపూర్వకంగా ఉండాలి.

జోగారావు పెరట్లో మంచం మీద, మోకాళ్ళకు వేడి ఇసుక మూటలు కట్టుకుని ఉన్నాడు. ఒళ్ళో నా ఉత్తరానికి ఎవరిచేతో రాయించి తెప్పించుకున్న నకలు. చుట్టూ ఎర్ర సిరా.

"అంటించలేదేం?" అన్నాను.

"గోడ దాకా నడవలేనురా. ఇన్నాళ్ళూ అంటించిన ప్రభాకరం ఇప్పుడు చించేస్తున్నాడు." కాగితం నా మీదికి విసిరాడు. "తేదీలు రెండూ తప్పు. నీకు మతిపోయింది. మీసం ఊడలేదు."

"ఊడింది."

"బంకతో అతికించార్రా, మామూలు బంక కాదు!"

"అందుకే సగం మిగిలింది."

వర్ధనమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఈ ఇంట్లో మజ్జిగ చేసుకునేంత నీళ్ళు ఎక్కడివి? మనిషి మంచం దిగడం లేదు. అప్పుడు చూశాను, వాడి మణికట్టు బోడిగా ఉంది.

"నీ కడియం ఏదిరా?"

జోగారావు దొడ్డి వైపు చూశాడు. నూకాలు అక్కడ కొత్త మేకను మేపుతోంది. నల్లది, బలంగా ఉంది.

"సిగ్గులేదురా నీకు? మళ్ళీ మొక్కుబడి అనుకుని..."

"ఈసారి పోతు కాదు, పాలిచ్చేది. అమ్మవారికి పనికిరాదు," అన్నాడు. నావైపు చూడకుండా మజ్జిగ తాగాడు.

నేనూ తాగాను. దొడ్లో మేక పిట్టగోడ ఎక్కి, అక్కడినుంచి పశువుల కొట్టం కప్పు మీదికి దూకింది. కాసేపు దాన్నే చూశాను.

"దాని రెండో కాలు ఖాళీయేనా?" అని అడిగాను.

"మూడు ఖాళీగా ఉన్నాయిరా."

ఈ పేజీ బోడి చేత్తో రాస్తున్నాను. దీనికి నీళ్ళు రావు కాబట్టి వాక్యాలు సాగదీయనక్కర్లేదు. లోపల బిందె నిండి పొర్లుతున్న చప్పుడు. మేక కొండెక్కినట్టుంది.